హాకీ గ్రౌండ్ మీద మా నాయిన వడ్లు

ఇప్పుడంటే ఏ పని మొదలుపెట్టాలన్నా ఫోనులో నాలుగు వీడియోలు చూసి, ఐదో మనిషిని అడిగి, ఆరోరోజున ఆ పనే మానేస్తున్నాను గానీ, ఇరవై రెండేళ్ళప్పుడు నాకు అడగడమనే అలవాటే లేదు. తెలియని పనిని తెలిసినట్టు చేయడంలో మా వేములపల్లి చుట్టుపక్కల నాకు మంచి పేరుండేది. ఎనిమిదో తరగతిలోనే బడికీ నాకూ పొసగక విడిపోయాం (తప్పెవరిదని అడగకండి, బడి ఇంకా అక్కడే ఉంది, బయటికొచ్చింది నేనే). కొన్నాళ్ళు ట్రాక్టర్ నడిపి, చివరికి మిర్యాలగూడలో ఒక ఆడపిల్లల కాలేజీ ఊరి చివర ఆటలకు తీసుకున్న గ్రౌండ్ చూసుకునే పనిలో కుదిరాను. చూసుకోవడమంటే గడ్డి పీకడం, సున్నంతో గీతలు గీయడం, ఆ గీతల మీద పడుకునే మేకలను తోలడం. మా చెల్లె అదే కాలేజీలో డిగ్రీ ఆఖరు సంవత్సరం చదివేది, హాకీ జట్టుకు కెప్టెన్ కూడా. ఇంటికొచ్చిన చదువంతా ఆమె తీసుకుంటే నాకు సున్నం మిగిలింది.

కాలేజీలో ఆటలు నేర్పే సారు మెడలోంచి విజిల్ తీయకుండానే అన్నం తినేవాడు కాబట్టి అందరికీ ఆయన విజిల్ సార్. ఒకరోజు ఆయన గ్రౌండంతా అడ్డంగా ఉరికొచ్చి, ఊపిరి అందక ముందు ఒక విజిల్ ఊది, తరువాత మాట్లాడాడు. "అరే, ఈసారి అమ్మాయిల కాలేజీ హాకీ పోటీలు మన దిక్కే పెడుతున్నరట! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడిట్ల ఒకటి. కమిటీ వచ్చి మూడు గ్రౌండ్లు సూసి రాస్తదట." నేను చేతిలోని సున్నం డబ్బా కింద పడేశాను. ఆ సంతోషం వెనక ఒక కథ ఉంది. మా నాయినకు కూతురు ఆడుకోవడం మీద కోపమేం లేదు గానీ, పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండాలనేది ఆయన చట్టం. "మూడు దినాల ఆటనా? నా పెండ్లే ఒక్క దినంల అయిపాయె. ఇంటికి రాని ఆట నాకొద్దు బిడ్డా" అనేవాడు. అందుకని రెండేళ్ళుగా జట్టు ఊరు దాటితే కెప్టెన్ ఇంట్లో పప్పు రుబ్బేది, వైస్ కెప్టెన్ పోయి ఓడిపోయి వచ్చేది. పోటీలు మిర్యాలగూడలో పెడితే చెల్లె పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. వేరే ఊరికి పోతే మాత్రం ఆమె హాకీ ఒక్క పెద్ద మ్యాచూ ఆడకుండానే ఖతం.

"అన్నా, నీ గ్రౌండ్ మీదనే ఉన్నది నా బతుకు" అంది చెల్లె. అలా అంటే నాలాంటివాడు ఊరుకుంటాడా? పది రోజుల్లో ఆ నేలను అద్దం చేస్తానని ఒట్టేసుకున్నాను. నేలను గట్టిగా, చదునుగా, దుమ్ము లేవకుండా చేయడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, మా తాత కల్లం చేసిన పద్ధతి. నీళ్ళు పెట్టి, ఆరనిచ్చి, రోలర్ తోలి, పగుళ్ళలో మెత్తటి మట్టి నింపి, మళ్ళీ రోలర్ తోలి, ఆఖరున డ్రమ్ములకొద్దీ పేడనీళ్ళు కలిపి గ్రౌండంతా అలికేశాను. విజిల్ సార్ ముక్కు మూసుకుని, "హాకీకి పేడేందిరా?" అన్నాడు. "సార్, వాసన రెండు దినాలు ఉంటది, నున్నతనం రెండు నెలలు ఉంటది" అన్నాను. ఎండాక చూస్తే నిజంగానే నేల తళతళలాడింది. ఆ రోజు ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని గొప్పలు మొదలుపెట్టాను. "నాయినా, గిసొంటి నేల జిల్లాల లేదు. గింజ పడితే గింజ కనబడతది, మన్ను అంటదు." నాయిన ముద్ద ఆపి, "నిజమేనారా?" అని అడిగాడు. కొడుకు పనితనాన్ని ఇన్నాళ్ళకు గుర్తించాడని పొంగిపోయి ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

కమిటీ వచ్చే రోజు విజిల్ సార్ నన్ను గూఢచారిగా నియమించాడు. వాళ్ళు పొద్దున సూర్యాపేట, తరువాత కోదాడ చూసుకుని మధ్యాహ్నానికి మా దగ్గరికి వస్తారు. బండి మీద వెనకాలే పోయి ఏం అడుగుతున్నారో, ఏం రాస్తున్నారో ఫోన్‌లో చెప్పాలి. సూర్యాపేటలో ఒక చెట్టు వెనక పల్లీలు తింటూ నిలబడ్డాను. కమిటీలో ముగ్గురు. ఒక సారు చేతిలో టేపు, ఇంకో సారు చేతిలో ఫైలు, ఇద్దరినీ కంటిచూపుతో నడిపే ఒక మేడమ్. ఒకప్పుడు గట్టి ఆటగత్తె అట. ఆమె సంచిలోంచి హాకీ బంతి తీసి నేల మీద దొర్లించి, అది ఎటు వంకర పోతుందో చూసింది. అందుకని మనసులో ఆమెకు బంతి మేడమ్ అని పేరు పెట్టుకుని ఫోన్ చేశాను. "సార్, బంతి వంకర పోయింది! మనకే ఖాయం!" అటువైపు నుంచి విజిల్ మోగింది. "ఇంకేం సూసింది?" "పిల్లలు ఉండే హాస్టల్ సూసింది సార్. బాత్రూము తలుపులు ఒక్కొక్కటి గుంజి, లోపల గొళ్ళెం పడ్తుందా లేదా అని సూసింది." "మన బాత్రూముకు గొళ్ళెం ఉన్నదారా?" అని మెల్లగా అడిగాడు సారు. నేల మీద పది రోజులు పాకిన నేను ఆ తలుపు వైపు ఒక్కసారైనా చూడలేదు. మా పిల్లలు దానికి లోపలినుంచి ఇటుక అడ్డం పెట్టుకునేవాళ్ళని తరువాత తెలిసింది.

కోదాడలో కమిటీకి భోజనాలు పెడుతుంటే నేను హార్డ్‌వేర్ దుకాణంలో దూరాను. "గొళ్ళెం లోపలికా అండీ, బయటికా?" అని అడిగాడు దుకాణాయన. "లోపలికే. అమ్మాయిల హాకీకి" అన్నాను. "హాకీకి గొళ్ళెం ఏంటి బాబూ?" "పోటీలు కోదాడకు రాకుంట బిగించనీకి." ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, "మిర్యాలగూడోడివా? అయితే నీకు ఇవ్వను పో" అంటూనే నాలుగు మరలు ఎక్కువేసి పొట్లం కట్టాడు (అవతలి ఊరివాడు గెలవడానికి కూడా సాయం చేసే మంచితనం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు). పొట్లం జేబులో వేసుకుని, కారు కంటే ముందే చేరి గొళ్ళెం బిగించేయాలని బండిని ఉరికించాను.

గ్రౌండ్ దగ్గర బండి ఆపేసరికి నా గుండె కూడా ఆగింది. నా నల్లటి నున్నటి నేల సగానికి పైగా పసుపుపచ్చగా ఉంది. వడ్లు! వానాకాలం కోతల రోజులవి, ఎండ తగిలే చోటు కోసం జనం రోడ్లే వెతుక్కుంటున్నారు. గోల్‌పోస్టుకు మూడు కండువాలు వేలాడుతున్నాయి. నడుమ మా నాయిన రెండు కాళ్ళూ ఈడుస్తూ వడ్లలో చాళ్ళు తీస్తున్నాడు. మా చేని పక్క రైతులు ఇద్దరు ఆయన వెనకే వచ్చి చెరో ట్రాక్టర్ వడ్లు దింపారు.

"నాయినా! ఏం జేస్తున్నవ్?"

"కండ్లు కనబడ్తలేవా? వడ్లు ఎండబోస్తున్న. గిసొంటి నేల జిల్లాల లేదని నువ్వే అంటివి గద."

"ఇది కల్లం కాదే, గ్రౌండు!"

"పేడ ఎవరు అలికిన్రు?"

"నేనే."

"పేడ అలికినంక కల్లం గాక ఇంకేమైతదిరా?"

అంతలోనే వెనక కమిటీ తెల్ల కారు ఆగింది. ఒకవైపు నుంచి విజిల్ సార్ దండతో, ఇంకోవైపు నుంచి మా పిల్లలు హాకీ కట్టెలతో వచ్చారు. అందరూ ఒకేసారి బిగుసుకుపోయారు. కదిలింది మా నాయిన ఒక్కడే. కారు, ఫైలు, టేపు చూసి, వడ్లు కొనే ఆఫీసర్లే వచ్చారనుకుని దోసెడు వడ్లు పట్టుకుని బంతి మేడమ్ ముందు నిలబడ్డాడు. "జర సూడుండ్రి మేడమ్, తేమ లేదు." విజిల్ సార్ కళ్ళు మూసుకున్నాడు. మేడమ్ ఒక గింజ తీసుకుని పంటి కింద పెట్టి పటుక్కున కొరికింది. "ఇంకో ఎండ కావాలె పెద్దమనిషీ" అంది. మా నాయిన అంత గౌరవంగా ఒక ఆడమనిషిని చూడడం నేను అదే మొదటిసారి చూశాను. ఆమె ముక్కు ఎగబీల్చి, "ఇదేం వాసన?" అని అడిగింది. "న్యాచురల్ టర్ఫ్ మేడమ్" అన్నాడు విజిల్ సార్, ఏడుపు ఆపుకుంటూ.

"సరే, వడ్లు ఒకవైపుకు జరపుండ్రి. ఆడిపించి సూద్దాం" అంది మేడమ్. చెల్లె ముందుకొచ్చి కట్టె అడ్డంగా పట్టి వడ్లు లాగడం మొదలుపెట్టింది. మిగతా పదిమందీ వరసగా నిలబడి అదే పని చేస్తుంటే ఎకరం పసుపుపచ్చ చాపలా చుట్టుకుపోయి కుప్పలైంది. "గీ కట్టెలు పనికొస్తయే!" అన్నాడు నాయిన ఆశ్చర్యంగా. చెల్లె తిరిగి చూసి, "నాయినా, గీతకు అవతలికి జరుగు!" అని గట్టిగా అరిచింది. ఇంట్లో కూర అడగడానికి కూడా గొంతు లేపని పిల్ల! నాయిన మారుమాట్లాడకుండా జరిగాడు. ఆట మొదలైంది. బంతి నా నేల మీద గీత గీసినట్టు పోతోంది, చెల్లె దాని వెంట పోతోంది. ఒకరిని ఎడమకు తప్పించి, ఇంకొకరిని కుడికి తప్పించి, మూడో పిల్ల అడ్డం వచ్చేలోపు కొట్టింది చూడండి, బంతి దూసుకుపోయి మా వడ్ల కుప్పలో మాయమైంది. అందరికంటే ముందు ఉరికింది నాయినే. మోచేతుల దాకా చేతులు పెట్టి బంతి తీసి, కండువాతో తుడిచి, నా వైపు తిరిగాడు. "గింత ఉరుకుడు ఎక్కడ నేర్చిందిరా?" "నువ్వు తిట్టినప్పుడల్లా ఉరికింది గద నాయినా" అన్నాను. ఆయన నవ్వలేదు. మళ్ళీ ఆట వైపే చూస్తున్నాడు.

"మూడిట్ల నేల మీదే బాగుంది" అంది మేడమ్. విజిల్ సార్ విజిల్ ఊదబోయాడు, అంతలోనే ఆమె "బాత్రూము ఎటువైపు?" అంది. ఆమె పోయి, ఇటుకను చూసి, తిరిగి వచ్చింది. నేను ఎదురెళ్ళి, "మేడమ్, గొళ్ళెం ఉన్నది!" అన్నాను. "ఎక్కడ?" "జేబుల." ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వుతూనే చెప్పింది, "పిల్లలు ఈ నేల మీద ఉండేది గంటసేపే బాబూ. మిగతా దినమంతా ఎక్కడుంటరో అది సూసి రాస్తా."

మూడు రోజులకు కబురొచ్చింది, సూర్యాపేట. చెల్లె కట్టెను పాత చీరలో చుట్టి అటక మీద పెట్టింది. నా గొప్పలు, నా గూఢచర్యం, నా పేడ అన్నీ కళ్ళ ముందు తిరిగి, ఆనాడు ఎక్కువ తిన్న రెండు ముద్దలు ఆ రాత్రి తక్కువ తిన్నాను. మర్నాడు పొద్దున నాయిన చాయ్ తాగుతూ, "సూర్యాపేటకు మొదటి బస్సు ఎన్ని గంటలకురా?" అని అడిగాడు. అమ్మ వంటింట్లోంచి, "నీకెందుకు?" అంది. "వడ్లు అమ్ముడుపాయె, నాకేం పని? నేను గూడ పోత. ఆడ మా అక్క ఇంట్ల పండుకుంట. పిల్ల హాస్టల్ల ఉంటది, పొద్దుగాల వచ్చి సూస్త." చెల్లె అటక ఎక్కిన వేగం ఆమె హాకీలో కూడా చూపించలేదు.

సూర్యాపేటలో మూడు రోజులూ నాయిన గీత పక్కనే ఉన్నాడు. మొదటిరోజు బంతి కాలికి తగిలితే తప్పని చెప్పాను. రెండోరోజుకు అంపైర్‌కే చెబుతున్నాడు. "ఓ సారూ, ఆ పిల్ల కాలుకు తాకింది, నా బిడ్డకైతే వెంటనే ఊదుతవ్!" మూడోరోజు మా జట్టు ఒకే ఒక గోల్ తేడాతో ఓడిపోయింది. చెల్లె ముఖం నాయిన కండువాలో దాచుకుంటే, ఇగ చాలు ఇంటికి పదమంటాడేమోనని నేను భయపడుతున్నాను. నాయిన తిన్నగా బంతి మేడమ్ దగ్గరికి పోయి అడిగాడు. "మేడమ్, వచ్చే యేడు ఏ ఊర్ల పెడుతున్నరు?"

"ఏ ఊర్ల పెట్టమంటవు పెద్దమనిషీ?"

"ఏ ఊరైతేంది? పిల్లను తోల్కొని వస్త."

చెల్లెకు అదే ఆఖరు సంవత్సరమని, కాలేజీ జట్టులో ఆడే వచ్చే యేడు ఇక లేదని ఆయనకు మాలో ఎవరమూ చెప్పలేదు. చెల్లె నా వైపు చూసింది, నేను చెల్లె వైపు చూశాను. ప్రతి మాటకూ ఒక వంకర మాట జేబులో పెట్టుకు తిరిగే ఆ ఇరవై రెండేళ్ళ పిల్లగాడు ఆ ఒక్క చోట నోరు మూసుకుని, బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. వాడిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.