పెళ్ళికొడుకు తోలిన లారీ

నా పెళ్ళికి నేనే లారీ తోలుకుంటూ పోయాను. ఇంతవరకు విని "అబ్బో!" అనుకున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోతే నా పరువు దక్కుతుంది. ఆగనివాళ్ళకు ముందే చెబుతున్నాను: ఆ రోజు నేను చేసిన నిర్వాకాన్ని తర్లుపాడు నుంచి గిద్దలూరు దాకా ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వారు.

తెల్లదొరల యుద్ధం అప్పుడే ముగిసింది. మిలిటరీ వాళ్ళు వద్దనుకుని వేలం వేసిన పాత లారీ ఒకదాన్ని మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే శెట్టిగారు కొన్నారు. దానికి డ్రైవరూ, మెకానిక్కూ, ఆస్థాన వైద్యుడూ నేనే. ఇంజను మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, నాడి చూసే ఆచారిలాగా తల పంకించేవాణ్ణి. చుట్టూ జనం ఉంటే ఇంకాస్త ఎక్కువసేపు పంకించేవాణ్ణి.

ఆ లారీకి ఒక జబ్బు ఉండేది. పొద్దున చల్లటి వేళ లేగదూడలాగా ఉరికేది. ఇంజను వేడెక్కిందా, దగ్గి, తుమ్మి, నడిరోడ్డు మీద చతికిలపడేది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదిలేది. ఇంజను సెగకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతోందని నేనే కనిపెట్టాను. గొట్టానికి గోనెపట్టా చుట్టి నీళ్ళతో తడిపాను. అంతే, ఆగడం మానేసింది.

"నువ్వు మామూలోడివి కాదబ్బాయ్!" అన్నారు శెట్టిగారు. ఆ మాట విన్నాక కొన్నాళ్ళపాటు మామూలుగా నడవడం కూడా నాకు చేతకాలేదు.

గిద్దలూరు పక్క పల్లెలో నాకు సంబంధం కుదిరింది. పెళ్ళివారమంతా రైలుకు పోదామన్నాడు నాయన.

"ఇంట్లో నేనుండగా రైలేంది నాయనా? శెట్టిగారు లారీ ఇస్తానన్యాడు. దాని రోగమూ నాకు తెలుసు, మందూ తెలుసు."

"తోలేదెవరురా?"

"నేనే."

"పెళ్ళికొడుకువి నువ్వు స్టీరింగు పట్టుకుంటే చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

"చూసి నేర్చుకుంటారు."

బయలుదేరే ముందు బండికి కాస్త పసుపు పూయమంది అమ్మ. ఏ పనైనా అరకొరగా చెయ్యడం నా రక్తంలో లేదు. చక్రాలకు, తలుపులకు, లైట్లకు, పెట్రోలు ట్యాంకు మూతకు, ఎక్కడ చెయ్యి ఆనితే అక్కడ ముద్దలు ముద్దలుగా పట్టించాను. వెనక నాయన, చిన్నాయన, అమ్మ, అక్క, చుట్టాలు, పురోహితుడు అయ్యవారు. కంభం దాటేదాకా ఆడవాళ్ళు పాటలు పాడుతూనే ఉన్నారు. కంభం దాటాక లారీ దగ్గింది, తుమ్మింది, ఆగింది.

"ఏమైందిరా?" అన్నాడు నాయన.

"ఏం లేదు. దానికి దప్పికైంది."

దర్జాగా దిగి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళబిందె తీసుకుని గోనెపట్టా మీద కుమ్మరించాను. కాసేపయ్యాక చిన్నాయన బండి ముందుకొచ్చి, ఇంజనుకు ఇనుప హ్యాండిలు దూర్చి తిప్పాడు. స్టార్టయింది! చూశారా అన్నట్టు అందరి వంకా చూశాను. కొంతదూరం పోయాక మళ్ళీ ఆగింది. రెండో బిందె కూడా అయిపోయింది. మళ్ళీ ఆగింది. ఈసారి అయ్యవారి చెంబు మీద నా కన్ను పడింది.

"ఒరేయ్, అది నా సంధ్యావందనం చెంబురా!"

"ఇంజనుకూ వందనమే కదా అయ్యవారూ, ఇట్లియ్యండి."

చెంబు ఖాళీ అయింది కానీ బండి కదల్లేదు. ఎండ నెత్తికెక్కుతోంది. అయ్యవారు సూర్యుణ్ణీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఈ ముహూర్తం తప్పితే మాఘమాసం దాకా లేదు నాయనా" అన్నాడు.

"అంతదాకా ఎందుకులే," అన్నాడు చిన్నాయన. "పిల్ల మేనబావ పెళ్ళి పందిట్లోనే ఉంటాడు. మనం పోకపోతే ఆ పీటల మీద వాడు కూర్చుంటాడు."

ఇంజనుకు తోడు నా గుండె కూడా ఆగింది. అందరూ దిగి తోశారు. ఫలితం లేదు. పట్టుపంచె ఎగగట్టి బానెట్టు ఎత్తాను. ప్లగ్గులు తుడిచాను, తీగలు కదిపి చూశాను. ఎక్కడా లోపం లేదు. పెట్రోలే అయిపోయిందేమోనని ట్యాంకు మూత దగ్గరికి పోయాను. దాని మీద పసుపు ఎండి గచ్చులాగా బిగుసుకుంది. బలంకొద్దీ తిప్పేసరికి "హుస్స్" మంటూ ట్యాంకు గాలి పీల్చుకుంది.

అయ్యా, ఆ చప్పుడుతో నా బుర్ర వెలిగింది. మూతకు సూదిమొనంత బెజ్జం ఉంటుంది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ ఆ దారిన గాలి లోపలికి రావాలి. రాకపోతే పెట్రోలు ఇంజనుకు దిగదు. ఆ బెజ్జాన్ని నా పసుపు పూడ్చేసింది! ఆగిన ప్రతిసారీ ఏ సందులోంచో కాస్త గాలి దూరి బండి కదులుతుంటే, అదంతా నా నీళ్ళ మహిమ అనుకున్నాను. ఇది పాత జబ్బు కానే కాదు, పాత జబ్బు వేషం వేసుకొచ్చిన కొత్త జబ్బు. పసుపు పూసిందీ నేనే, జబ్బు కనిపెట్టిందీ నేనే. పూసిన సంగతి పక్కన పెట్టి, కనిపెట్టిన సంగతికి పొంగిపోయాను.

అక్క దగ్గర పిన్నీసు తీసుకుని బెజ్జం శుభ్రం చేసి, సీట్లోకి ఎగిరి కూర్చున్నాను.

"ఇంజను మసులుతానే ఉంది కదరా?" అన్నాడు చిన్నాయన.

"మసలనీ! నీళ్ళొద్దు, చల్లారబెట్టేదొద్దు. తిప్పు చిన్నాయనా!"

తిప్పాడు. ఒక్క తిప్పుకే లారీ సింహంలాగా గర్జించింది. గేరు వేసి వదిలాను. వెనక నుంచి ఒకటే కేకలు, ఈలలు. ఇంత మెచ్చుకుంటున్నారే అని కళ్ళు చెమర్చాయి. వెనక చూసే అద్దం లేని బండి కనుక కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాను కూడా. కేకలు ఇంకా పెద్దవయ్యాయి. వినయంగా హారన్ కొట్టాను.

బండి ఎక్కడా ఆగలేదు. పెళ్ళిపందిరి ముందు దుమ్మురేపుతూ నిలిపి, ఇంజను ఆపి, మీసం దువ్వుకుంటూ దిగాను. మేళం అందుకుంది. మామ హారతిపళ్ళెంతో ఎదురొచ్చి, నన్ను చూశాడు, లారీ వెనక చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"పెళ్ళివారు యాడ బాబూ?"

వెనక్కి తిరిగాను. లారీలో తాంబూలాల బుట్ట ఒక్కటే ఉంది.

"రోడ్డు మీద ఉన్నారు మామా. తోసేదానికి దిగినారు."

"అయ్యవారన్నా వచ్చినాడా?"

"ఆయనా తోసినాడు."

"తాళిబొట్టు?"

"నాయన పంచె రొండిలో ఉంది."

మేళం ఆగిపోయింది. మేనబావ మాత్రం మెల్లగా తలపాగా సర్దుకున్నాడు. నేను ఒక్క గంతులో బండెక్కాను. ఎక్కాక తెలిసింది, హ్యాండిలు చిన్నాయన చేతిలోనే ఉండిపోయిందని. ఇక చెప్పేదేముంది? కాళ్ళు కడగవలసిన మామ, పన్నీరు చల్లవలసిన బావమరుదులు కలిసి నా లారీని ఊరి బయటిదాకా తోసి స్టార్టు చేయించారు. తలుపు చాటు నుంచి ఒక నవ్వు మాత్రం గాజులతో సహా వినిపించింది.

మావాళ్ళు చింతచెట్టు కింద దొరికారు. నాయన ఈసారి ముందుకెక్కి నా పక్కన కూర్చున్నాడు. చాలా దూరం పోయాక అడిగాడు.

"బండికి బాగైందా?"

"పూర్తిగా బాగైంది నాయనా. మళ్ళీ ఆగలా."

"నీకెప్పుడు బాగైతుంది?"

ముహూర్తం దాటేలోపల తాళి కట్టాను. చేతికి గ్రీజు, పంచెకు పసుపు, మొహానికి మసి. అగ్నిహోత్రం సాక్షిగా అందరు పెళ్ళికొడుకుల్లాగే నేనూ ఒక ప్రమాణం చేశాను, మనసులో: ఈ జన్మలో మళ్ళీ నా పెళ్ళికి నేను లారీ తోలను. ఇంతటి కఠిన వ్రతాన్ని ఇన్నేళ్ళుగా పొల్లుపోకుండా పాటిస్తున్నందుకు నన్ను చూసి నేనే గర్వపడుతుంటాను.