ఊడిన కాగితం మళ్ళీ అంటించొద్దు

డ్రిల్ అక్క పోయిందన్న కబురు నాకు బడి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. బస్సు ఆలస్యంగా వస్తుందన్న మెసేజ్‌కీ, ఎవరి పిల్లదో టిఫిన్ బాక్సు మారిపోయిందన్న మెసేజ్‌కీ మధ్యన. పొద్దున బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ కుప్పకూలిందట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. చేతికి చపాతీ పిండి అంటుకుని ఉండగానే ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఆ తర్వాత మొదలైంది దండాల బొమ్మల వరద. గొప్ప టీచరని ఒకరు, తీరని లోటని ఒకరు, మా పిల్లల పాలిట దేవతని ఒకరు. రాసినవాళ్ళ పేర్లు చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. దేవత అని రాసిన పెద్దమనిషే ఒకప్పుడు మా ఇంట్లో సోఫాలో కూర్చుని, నేనిచ్చిన చాయ్ తాగుతూ, "ఆడివిల్లలను స్టేడియంకు తోల్కపోయి ఎగిరిపిస్తదట. గామెకు సిగ్గు లేకుంటే మనకన్నా ఉండాలె గదా" అన్నాడు. ఆయన మర్చిపోయి ఉండొచ్చు గానీ నేను మర్చిపోలేదు.

అక్కది ప్రొద్దుటూరు. ముస్లిం కాబట్టి ఇక్కడే, సౌదీలోనే, ఆ సాయంత్రమే ఖననం చేశారు. ఆడవాళ్ళం శ్మశానానికి పోలేదు. ఆమె ఇంట్లోనే కూర్చున్నాం. ఫ్రిజ్ పిడికి ఆమె విజిల్ వేలాడుతోంది. ఎవరూ దాన్ని తీయలేదు.

ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. మేముండేది అల్ ఖోబర్‌లో, అల్ అజీజియా వైపు. అక్కడి మన పిల్లల బడిలో ఆడపిల్లలకు ఆటలు నేర్పేది ఆమె. పిల్లలకు డ్రిల్ మేడమ్, మా తల్లులకు డ్రిల్ అక్క. ఒంటి నిండా కప్పే నల్లటి అబాయా కింద ఎప్పుడూ స్పోర్ట్స్ బూట్లే. పెళ్ళికి పిలిచినా అవే వేసుకొచ్చేది. ఆమెది కడప తెలుగు, నాది జగిత్యాల తెలుగు. ఊళ్ళో అయితే ఒకరి మాటను ఒకరం వెక్కిరించుకునేవాళ్ళం. ఇక్కడ మాత్రం ఆ "ఏమ్మే" అన్న పిలుపు వినబడితే ప్రాణం లేచొచ్చేది.

బడి ఆవరణ అంటే రెండు బిల్డింగుల మధ్య ఉన్న సిమెంటు నేల. ఎండాకాలం దాని మీద నిలబడటమే గగనం. దగ్గరలోనే పాత పబ్లిక్ స్టేడియం ఉంది. మేం రాకముందెప్పుడో కట్టింది, దుమ్ము రంగు తిరిగిపోయింది. దాని వెనక ఏసీ ఉన్న చిన్న హాలు, ఒక పక్కంతా అద్దాల గోడ. ఆడవాళ్ళకు కూడా అలాంటిచోట వేళలు ఇస్తున్నారని తెలియగానే అక్క ఒక్కతే పోయి మేనేజర్‌ను అడిగింది. ఆ సౌదీ పెద్దాయన రెండో మాట లేకుండా శనివారం పొద్దుట వేళ రాసిచ్చాడు.

అడ్డం పడింది మనవాళ్ళే. అద్దాలున్నాయి, పార్కింగ్‌లోంచి పిల్లలు కనబడతారు, పంపించం అన్నారు. తెలంగాణ, ఆంధ్ర, హిందువు, ముస్లిం అన్న తేడా లేకుండా మన మగాళ్ళందరూ ఒక్క మాట మీద నిలబడటం నేను చూసింది అప్పుడే. అందులో మా ఆయన కూడా ఉన్నాడు. నేను వారం పాటు ఆయనతో మాట్లాడలేదు.

అక్క మాత్రం వాదించలేదు. "అద్దాలు మూసేస్తే పంపిస్తారు గదా?" అని అడిగి, పాత పేపర్లు మోసుకుని మా ఇంటికొచ్చింది. మా స్టవ్ మీదే మైదా జిగురు కాచాం. తెలుగు పేపర్లు, మలయాళం పేపర్లు, అరబ్బీ పేపర్లు, ఏవి దొరికితే అవి అంటించుకుంటూ పోయాం. హాలు చూసుకునే బంగ్లాదేశీ భాయ్ నిచ్చెన పట్టుకుని, "ఆపా, యే క్యా హో రహా హై?" అని బిత్తరపోయాడు. "పర్దా హై భాయ్, కాగజ్ కా పర్దా" అంది అక్క. కాగితాల పరదా అట! నాకు నవ్వు రాలేదు. పై మూల అద్దం నా వంతు వచ్చింది. మనవాళ్ళ మీదున్న కోపమంతా ఆ జిగురు మీద చూపించి, దట్టంగా పూసి పారేశాను.

పని అయిపోయి చేతులు కడుక్కుంటుంటే అక్క నా చెవి దగ్గరికొచ్చి చెప్పింది. "ఒగ మాట సెప్తాండా, ఇనుమే. మూస్తామన్యాం, మూసినాం. ఊడిన కాగితం మాత్రం మళ్ళా అంటించొద్దు. ఎవురన్నా అడిగితే జిగురు అయిపాయెనని సెప్పు."

ఆమె నేర్పింది త్రోబాల్. మన బళ్ళలో ఆడపిల్లలు ఆడేదే. వలకు అటొక జట్టు, ఇటొక జట్టు. వచ్చిన బంతిని రెండు చేతులా ఒడిసి పట్టి, పట్టీ పట్టగానే అవతలికి విసరాలి. ఆలస్యం చేస్తే విజిల్ పడుతుంది. పిల్లలతో పాటు మా తల్లులను కూడా లాక్కొచ్చి కోర్టులో నిలబెట్టింది. ఇద్దరు పిల్లల తల్లిని, మోకాళ్ళ నొప్పులు నాకు. "నొప్పి ఇంట్లో గూడా ఉంటాది గదమ్మే, ఈడ ఉంటే ఏం?" అనేది. బంతి పట్టుకుని నేను అటూ ఇటూ చూస్తుంటే, "పట్టుకోని కూచ్చుంటే ఫౌలు!" అని అరిచేది. ఆ మాట ఆట దగ్గరే ఆగేది కాదు. మా ఆయన మీద, ఆ సోఫా పెద్దమనిషి మీద నేను చిటపటలాడుతుంటే కూడా అదే మాట. "ఇసిరెయ్‌మే అవతలికి. ఎన్నాళ్ళు పట్టుకోనుంటావు?"

మొదటి కాగితం ఆ ఎండాకాలమే ఊడింది. ఒక పక్క ఏసీ చెమ్మ, ఒక పక్క ఎండ, మైదా జిగురు ఎంతకని ఆగుతుంది? ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఇంకోటి ఊడింది. కిందివి, పక్కవి, ఏడాదికి కొన్ని చొప్పున రాలిపోతూనే ఉన్నాయి. పార్కింగ్‌లో కార్లో కూర్చునే తండ్రులు మొదట తలతిప్పుకునేవాళ్ళు. తర్వాత కార్లు దిగారు. తర్వాత అద్దానికి ముక్కు ఆనించి చూశారు. ఆ సోఫా పెద్దమనిషి ఒకరోజు బయటి నుంచి తన కూతురితో "ఎగిరి పట్టు బిడ్డా, ఎగిరి పట్టు!" అని కేకలు పెడుతుంటే, అక్క విజిల్ నోట్లో పెట్టుకునే నవ్వింది. చివరికి అద్దాలన్నీ తేటపడి, నేను కోపంతో పూసిన ఆ పై మూల కాగితం ఒక్కటే మిగిలింది. అది చూపించి అక్క నన్ను ఏడిపించని శనివారం లేదు.

స్టేడియం పాతబడింది, కాదనను. వాన పడితే గ్యాలరీలో నీళ్ళు, కుర్చీలు సగం విరిగినవి. బాగుచేస్తామని రెండు కంపెనీలు పోటీ పడ్డాయి. రెండు నమూనాలనూ అద్దాల పెట్టెల్లో పెట్టి స్టేడియం లాబీలోనే ఉంచారు. ఒకరిది మొత్తం కూల్చి కొత్తది కట్టే పథకం. కళ్ళు చెదిరే దీపాలు, వీఐపీ గదులు. మా హాలు ఉన్నచోట కార్లు పైకెక్కే దారి. రెండోవాళ్ళది పాత గోడలు కాపాడే పథకం. లోపల మాత్రం హోటళ్ళు, సినిమా, ఈమధ్య ఇక్కడ అందరికీ పిచ్చిపట్టిన, టెన్నిస్ లాంటి ప్యాడెల్ ఆట. మా హాలు ఉన్నచోట కాఫీ షాపు. అద్దాల గోడను మాత్రం పాత గుర్తుగా ఉంచుతారట!

అక్క రెండింటి చుట్టూ తిరిగి చూసి, అక్కడున్న టై కట్టుకున్న అబ్బాయిని త్రోబాల్ కోర్టు ఎక్కడని ఇంగ్లీషులో అడిగింది. వాడు "ఏం బాల్?" అన్నాడు. ఆమె చేతులెత్తి ఆడి చూపించింది. "నోటెడ్ మేడమ్" అన్నాడు గానీ వాడి చేతిలో పెన్ను కూడా లేదు. బయటికొస్తూ ఆమె అంది, "ఆ పెట్టెల్లో బొమ్మ మనుసుల్ని సూస్తివా? ఒగరికన్నా చెమట పట్టిందా?"

"నీకు కోపమొస్తలేదా అక్కా? గీళ్ళ నోట్ల మట్టివడ, మనం ఆడే జాగల కాఫీ అమ్ముతరట!" అన్నాను నేను.

"వచ్చాంది మే. అడుగుతా పో."

నిజంగానే అడిగింది. అప్పట్నుంచి ప్రతి శనివారం, ఆట అయిపోగానే, చెమట మొహం తుడుచుకోకుండానే లాబీకి పోయి రెండు కంపెనీల వాళ్ళనూ అదే ప్రశ్న అడిగేది. కోర్టు ఎక్కడ? కొన్నాళ్ళకు ఆమె గుమ్మంలో కనబడితే చాలు, వాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. "నన్ను సూస్తానే చాయ్‌కి పోతాండారు మే. పాపం, ఎన్నని తాగుతారు!" అని నవ్వేది. అలా అడుగుతూ అడుగుతూ ఉండగానే పోయింది.

ఆమె నలభై దినాలు కూడా కాకముందే మా ఇంటి బెల్లు మోగింది. గోడలు కాపాడే కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు, మన హైదరాబాద్ అబ్బాయే. మర్యాదగానే కూర్చున్నాడు. "ఆంటీ, మేడమ్‌ది మంచి ఫోటో మీ దగ్గర ఉందంట కదా. గాల్లో ఎగిరి బాల్ పట్టేది. మా కాఫీ షాపులో మెమరీ వాల్ పెడుతున్నాం. సెంటర్‌లో ఆమె ఉంటది."

"కోర్టు ఎక్కడ వెట్టిన్రు బాబూ?"

"కోర్టుకు స్పేస్ లేదాంటీ. అందుకే కదా, ఆమె గుర్తుగా…"

"ఆమె గుర్తుగ కాఫీ తాగుతరా?"

ఉత్త చేతులతోనే పంపించాను. మర్నాడు కూల్చే కంపెనీ నుంచి ఎవరో ఆడమనిషి ఫోన్ చేసింది. తాము ముఖద్వారం దగ్గరే పెడతారట, అవతలివాళ్ళ కంటే పెద్దగా. పెద్దగా! ఊళ్ళో మనుషుల మెప్పు ఎవరికి ఉంటే వాళ్ళ పథకానికి మార్కులు పడతాయట, అదీ అసలు సంగతి. బతికున్న మనిషి ఎదురైతే చాయ్‌కి పారిపోయినవాళ్ళు, పోయిన మనిషి బొమ్మ కోసం కొట్టుకుంటున్నారు. గ్రూపులో మనవాళ్ళేమో ఇచ్చెయ్యండి, మన కమ్యూనిటీకి గౌరవం అని నా వెంట పడ్డారు. సోఫా పెద్దమనిషైతే రెండు సార్లు ఫోన్ చేశాడు. రెండో సారి నేను ఏమన్నానో ఇక్కడ రాస్తే అచ్చు వెయ్యరు.

ఆ సాయంత్రం మా ఆయన టీవీ ఆపేసి, నా వైపు చూడకుండానే, "ఇయ్యకు. ఆమె గాడ ఆడింది. గోడకు ఏలాడనీకి రాలే" అన్నాడు. అద్దాలున్నాయి, పంపించం అన్నవాళ్ళతో చెయ్యెత్తిన మనిషే.

రెండు కంపెనీలకూ ఒకే మాట చెప్పాను. మీ నమూనాలో ఆ హాలు ఉన్నచోట కోర్టు గీసి చూపించండి, ఆ కోర్టు గోడకైతే ఫోటో ఇస్తాను. లేదంటే లేదు. ఇప్పటిదాకా ఏ ఒక్కరి నుంచీ జవాబు లేదు. ఏ పథకం గెలుస్తుందో తెలియదు, ఏది గెలిచినా మా శనివారం ఉండదు. పట్టుకుని కూర్చుంటే ఫౌలని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో అక్కా. ఈ కోపం మాత్రం పట్టుకునే కూర్చుంటాను. విజిల్ ఊదడానికి నువ్వు లేవు.

మొన్న శనివారం హాలుకు పోయాం. బంగ్లాదేశీ భాయ్ తలుపు తీసి, ఆమె నిలబడే చోటు చూసి, కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరికీ ఆట సాగలేదు. పిల్లలు బంతి పట్టుకోవడం, ఏడవడం. మా అమ్మాయి ఉక్రోషంగా విసిరిన బంతి వల దాటి, అందరినీ దాటి, పోయి ఆ పై మూల అద్దానికి కొట్టుకుంది.

కాగితం ఒక పక్క విడిపోయింది. మిగతా సగం నా జిగురుకు అంటుకుని వేలాడుతోంది. విడిపోయినంత మేర ఎండ లోపలికొచ్చి కోర్టు గీత మీద పడింది.

భాయ్ పోయి నిచ్చెన తెచ్చాడు. "ఆపా, చిప్కా దూఁ?" అని అడిగాడు, మళ్ళీ అంటించనా అని. పిల్లలందరూ నా వైపు చూశారు.

"వద్దు భాయ్, రహనే దో" అన్నాను. "గోంద్ ఖతమ్ హో గయా. జిగురు అయిపోయింది."

ఆయన నిచ్చెన గోడకు ఆనించాడు. ఏసీ గాలికి కాగితం టపటపా కొట్టుకుంటుంటే, మా అమ్మాయి బంతి తెచ్చుకుని మళ్ళీ గీత మీదికొచ్చి నిలబడింది.