వాటం లేని మూల

మొన్న తాడేపల్లిగూడెంలో ఒక జల్లు పడి వెలిసింది. బ్యాంకు నుంచి ఇంటికి వస్తూ పాత ఉప్పుడు బియ్యం మిల్లు గేటు తెరిచి ఉండడం చూసి స్కూటీ ఆపాను. ధాన్యం ఎండబెట్టే పెద్ద గచ్చు అప్పటికే ఆరిపోయి తెల్లగా మెరుస్తోంది గానీ, ప్రహరీ పక్క మూలలో మాత్రం ఒక గదంత మేర నీళ్ళు కదలకుండా నిలబడి ఉన్నాయి. చూసినవాళ్ళకి అది కట్టినవాడి చేతకానితనం. నాకు మాత్రం, నా క్రీడాజీవితంలో గెలుచుకున్న వాటిల్లో ఇప్పటికీ చెక్కుచెదరనిది అదొక్కటే.

ఇప్పుడు నన్ను చూసి ఎవరూ నమ్మరు గానీ, నేను ఒకప్పుడు పోటీల్లో తిరిగిన ఆర్టిస్టిక్ స్కేటర్‌ని. మంచు మీద కాదు లెండి, మా ఊళ్ళో మంచంటే చేపల లారీలో వేసేదే. నాలుగు చక్రాల స్కేట్లు కట్టుకుని, నేల మీద గీసిన వృత్తం గీత తప్పకుండా ఒంటికాలి మీద తిరగాలి. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. వేసవి సెలవులు వస్తే చాలు, పిల్లల్ని ఏదో ఒక కోచింగులో పడేసి పెద్దవాళ్ళు ఊపిరి పీల్చుకునేవారని మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మా డ్రిల్లు మాస్టారు వేగంగా పోగలిగిన పిల్లల్ని స్పీడ్ స్కేటింగులో వేసుకుని, ఎంత తోసినా కదలని నన్ను చూసి కాసేపు ఆలోచించి, ఈ అమ్మాయిలో కళ ఉందని తేల్చారు.

బడిలో నున్నటి నేల లేదు. నాన్న ఆ మిల్లులో గచ్చు మేస్త్రీ కావడంతో, పొద్దున్నే ధాన్యం పరవకముందు ఒక గంట ఆ గచ్చు నాదయ్యేది. నాన్న మేకు పట్టుకుని నడిమధ్య కూర్చుంటే, అమ్మ తాడు రెండో కొస పట్టుకుని ముగ్గు పోసుకుంటూ చుట్టూ తిరిగేది. పగలంతా ధాన్యం కింద పడి ఆ ముగ్గు చెరిగిపోయేది, మర్నాడు మళ్ళీ కొత్త వృత్తం. ఎండిన ధాన్యాన్ని కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేసే ఆడవాళ్ళు పనిలోకి వచ్చి, నా విన్యాసాలు చూసి బుగ్గలు నొక్కుకునేవారు.

"ఏమే మేస్త్రీ గారమ్మాయ్, నువ్వు చక్రాలు కట్టుకుని తిరిగితే కప్పిస్తారంట. మేం ఉత్తికాళ్ళతో పొద్దస్తమానం తిరుగుతున్నాం, మాకేదే కప్పు?" అని ఒకావిడ అడిగితే, గీత మీద ఇంకో చుట్టు తిరిగి తప్పించుకున్నాను. ఇప్పటికీ తప్పించుకుంటూనే ఉన్నాను.

ఇక్కడ నాన్న సంగతి కొంచెం చెప్పాలి. ఆయన పుట్టింది కొల్లేటికోటలో. అక్కడ వరద నీళ్ళు చుట్టంలా వచ్చి ఇల్లరికపుటల్లుడిలా ఉండిపోయేవట. చిన్నప్పుడు మంచం మీద కూర్చునే తిని, మంచం మీదే చదువుకుని, చివరికి చదువు కూడా ఆ నీళ్ళలోనే వదిలేసి గూడెం వచ్చేశారు. అందుకని నిలబడిన నీళ్ళంటే ఆయనకి జన్మవైరం. వాన వెలిస్తే చీపురు పట్టుకుని గచ్చంతా తిరిగేవారు గానీ, చిమ్మడానికి ఎక్కడా చుక్క ఉండేది కాదు. అంత చక్కటి వాటం ఇచ్చారు. కంటికి కనపడనంత ఏటవాలు, నీళ్ళు తమంతట తామే కాలవలోకి పోయేవి.

ఆ వాటం మీదే నేను నాలుగేళ్ళు నేర్చుకున్నాను. వృత్తంలో ఒక సగం దానంతటదే జారేది, రెండో సగంలో నడుం బిగించి తోసేదాన్ని. స్కేటింగంటే ఇలాగే ఉంటుందనుకున్నాను.

జాతీయ పోటీలకి పంపే ముగ్గురిని ఎంపిక చేయడానికి ఏలూరులో పోటీలు పెట్టారు. అమ్మ చర్చి కొయిర్ చీరల్లో మిగిలిన నీలంరంగు ముక్కతో గౌను కుట్టింది. నాకు ఆ ఏడు ఎంపిక కావడం తప్ప ఇంకేమీ అక్కర్లేదన్నంత పట్టుదలగా ఉండేది. తీరా గీత మీదకి వెళ్ళాక, అలవాటు ప్రకారం రెండో సగంలో నడుం బిగించి తోశాను. అక్కడ ఎత్తు లేదు. నేను గీత దాటి, న్యాయనిర్ణేత మేడం గారి కుర్చీ దాకా వెళ్ళి, ఆవిడకి నమస్కారం పెట్టి వెనక్కి వచ్చాను. మూడుసార్లూ అంతే.

నాన్న లేచారు. ఆయనకి నా మీద అనుమానం రాలేదు, గచ్చు మీద వచ్చింది. నాకోసం తెచ్చిన మంచినీళ్ళ సీసా మూత తీసి, అందరూ చూస్తుండగా ఆ నున్నటి నేల మీద నీళ్ళు పోశారు. నీళ్ళు ఎక్కడివక్కడే నిలబడ్డాయి.

"ఇదిగోండి, చూడండి మేడం గారూ, చుక్క కదల్లేదు! వాటమే ఇవ్వలేదండీ. ఇలాంటి గచ్చు మీద పిల్లలు ఎలా తిరుగుతారండీ?"

ఆవిడ నవ్వలేదు, అది ఆవిడ గొప్పతనం. "ఏవండీ, కదలకపోతేనే కదండీ ఇది బాగున్నట్టు," అన్నారు మెల్లగా.

నాన్న సీసాకి మూత బిగించారు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని తన తువ్వాలుతో ఆ నీళ్ళు తుడిచారు. నేను మాత్రం ఆ మనిషి ఎవరో తెలియనట్టు స్కేటు తాడు కట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాను. ఎంపిక కాలేదని వేరే చెప్పక్కర్లేదు.

బస్సులో భీమడోలు దాటాక ఒక్కమాట అడిగారు.

"మన గచ్చు మీద నేర్చుకోబట్టే పోయిందామ్మా?"

"లేదు నాన్నా, నేనే సరిగ్గా తిరగలేదు," అన్నాను.

ఆ వేసవిలో మిల్లు ఆపి గచ్చుకి పగుళ్ళు పూడ్చేటప్పుడు, నాన్న ఆ మూలలో కొంత మేర తవ్వి మళ్ళీ పోశారు. నీళ్ళ గొట్టంతో నాలుగు వైపులా మట్టం చూసి, సిమెంటు ఆరాక గ్లాసుతో నీళ్ళు పోసి, అవి నిలబడడం చూసి నన్ను పిలిచారు. జీవితమంతా నీళ్ళని తరిమిన మనిషి, నాకోసం వాటిని అక్కడ కూర్చోబెట్టారు. మరుసటి ఏడు నేను మూడోదాన్నిగా ఎంపికయ్యాను. జాతీయ పోటీల్లో చివరి నుంచి రెండో స్థానం వచ్చింది, చివరి అమ్మాయికి ఆ రోజు జ్వరం. ఇంటర్మీడియెట్ పుస్తకాలు వచ్చాక స్కేట్లు అటకెక్కాయి. ఇప్పుడు బ్యాంకులో తిరిగే కుర్చీ ఇచ్చారు కాబట్టి, కళ పూర్తిగా పోలేదనే చెప్పాలి.

ఆ మూల సంగతి మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ఒకసారి అకాలవర్షానికి అక్కడ పరిచిన ధాన్యం ముక్కిపోతే, మిల్లు యజమాని పదిమందిలో నాన్నని ఇన్నేళ్ళ అనుభవం ఇదేనా మేస్త్రీ అని నిలదీశారట. పని చెడిందండీ, తప్పు నాదేనండీ అన్నారట నాన్న. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదట. ఈ సంగతి నాకు ఆ కప్పు అడిగినావిడ చెప్పింది, అదీ నా పెళ్ళిలో.

ఇప్పుడు ధాన్యం యంత్రాల్లో ఆరుతోంది. కాళ్ళతో చాళ్ళు తీసేవాళ్ళు ఏ చేపల చెరువుల పనుల్లోకి వెళ్ళారో తెలియదు. పిల్లలకి అద్దంలాంటి నేలలున్నాయి, మోకాళ్ళకి మెత్తలున్నాయి. మంచిదే, నా మోకాలి మచ్చలు చూసి అసూయపడేవాళ్ళెవరూ లేరు. కాకపోతే ఆ నేలలన్నీ అందరి కోసం కట్టినవి. వచ్చే నెల ఆ గచ్చు తవ్వేసి గోడౌను కడతారని వాచ్‌మన్ చెప్పాడు.

ఇంటికి వెళ్ళి నాన్నకి చెప్తే, గోడౌను సంగతి వినిపించుకోనే లేదు.

"నీళ్ళు ఎటన్నా జారేయా?" అన్నారు.

"చుక్క కదల్లేదు నాన్నా."

ఆయన తల ఊపి మళ్ళీ టీవీ వైపు తిరిగారు. నేను మాత్రం అప్పట్నుంచీ ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాను, ఆ గచ్చు తవ్వేలోపు ఇంకొక్క వాన పడితే బాగుండునని.