గోపాలసామి పరోటా బయటపడిన పరీక్ష

కోవిల్‌పట్టి బస్టాండు పక్కన నాగమ్మాళ్‌ది ఇరవై రెండేళ్ల ఇడ్లీ కొట్టు. శివకాశి ఫ్యాక్టరీ వ్యాన్లెక్కే ఆడవాళ్లు పొద్దున్నే అక్కడ ఆగుతారు. పొగలు కక్కే సాంబారు ప్లాస్టిక్ కవర్లో పోసి, దారం చుట్టి నాగమ్మాళ్ వాళ్ల చేతికిచ్చేసరికి డ్రైవరు రెండో హారను కొట్టి ఉండడు.

విరుదునగర్‌లో ఒక ల్యాబు వాళ్లు, ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి, అక్కణ్ణుంచి ఒంట్లోకి ఎంత చేరుతున్నాయో చూస్తున్నారు. అక్కడ పనిచేసే మారీశ్వరి వచ్చి, గిన్నె సాంబారు కొంత, కవరు సాంబారు కొంత తీసుకుంది. నాగమ్మాళ్‌కీ, భర్త గోపాలసామికీ చెరో గాజుసీసా ఇచ్చి, పొద్దుటి మూత్రం పట్టి పంపమంది.

ఎవరి చేతికిచ్చినా పగలగొడతారని నాగమ్మాళ్ తానే బస్సెక్కింది. సాత్తూరు దాటాక, పక్కసీట్లో ఉన్న దూరపు బంధువు నల్లసామి ఆమె ఒళ్లోకి తొంగిచూశాడు.

"నువ్వుల నూనెనా వదినా? రంగు బాగుండాది. నాకొక సీసా ఈయరాదా?"

"ఇంటి సరుకు. అమ్మేది లేదు" అని ఆమె కొంగు కప్పింది.

మూడు వారాలకు మారీశ్వరి కాగితాలు తెచ్చింది. గిన్నె సాంబారులో దాదాపు ఏమీ లేదు, కవరు సాంబారులో రసాయనం ఉంది.

"నా సాంబారుకు చెడ్డపేరు పెట్టేకి వచ్చినావా పాపా?"

"సాంబారు మంచిదే అక్కా. వేడిగా కవర్లో పోసేదే తప్పు. మూత్రంలో మీకు తక్కువే ఉండాది. గోపాలసామి మామకే మూడింతలు."

"ఆయన కవరు ముట్టడే. ఇంట్లో కంచంలోనే తింటాడు."

గోపాలసామి గోడమీది క్యాలెండరు చూడసాగాడు. షుగరని డాక్టరు పరోటా మాన్పించి రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ నాగమ్మాళ్ రాగిసంగటి వండి పెడుతూనే ఉంది.

"పరోటాలోకి సాల్నా పులుసు కవర్లో కట్టిస్తారు" అన్నాడు మెల్లగా.

"ఎన్నాళ్లకొకసారి?"

"దినామూ."

నాగమ్మాళ్ కాగితం మడిచి, కవర్ల కట్ట చేతిలోకి తీసుకుంది. తన కవర్లు పట్టుకెళ్లే ఆడవాళ్లు కూడా దినామూ తినేవాళ్లే.

సోమవారం నుంచి గిన్నె తెచ్చినవాళ్లకే సాంబారు. సగంమంది సణుక్కుంటూ ఎదురు కొట్టుకు పోయారు. నెల తిరగకుండా పిడి ఉన్న తూక్కుగిన్నెలు ఊపుకుంటూ తిరిగొచ్చారు. వాటిని కడిగే పని గోపాలసామికి పడింది, పరోటా కొట్టు వైపు పోయే తీరిక లేకుండా.

మళ్లీ పరీక్ష చేస్తే అతని లెక్క భార్య లెక్కకు దిగింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని బస్టాండంతా చూపించాడు. ఏం పరీక్షని ఎవరైనా అడిగితే మాత్రం, "పాసయినా" అని ముందుకు నడిచాడు.