గాజుల సైజు

కెనడాలో విండ్సర్ నుంచి హామిల్టన్ వెళ్లే బస్సులో ఆ రోజు సగం మంది మా కాలేజీ వాళ్లే. నేను ఫోన్‌లో తెలుగులో వాగుతుంటే విని పక్క సీటావిడ నవ్వింది. నది అవతల, అమెరికా వైపు డెట్రాయిట్‌లో ఉంటుందట, పెట్రోల్ బంకు కౌంటర్‌లో పని.

"నీ గాజుల సైజెంత, చెల్లీ?" అంది.

"రెండు నాలుగు. కొనిపెడతారా ఏంటక్కా?"

ఆవిడ తన అరచేతిని నా అరచేతికి ఆనించి చూసుకుంది. ఇద్దరివీ సమానంగా ఉన్నాయి. అప్పుడు తన ఫోన్ చూపించింది. అందులో గాజులు లేవు, రెండు పిస్తోళ్లున్నాయి.

"అక్కడ లైసెన్స్ తీసుకున్నా, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోడానికి. చిన్నదైతే కనపడదు గానీ కాల్చినప్పుడు చెయ్యి బాగా అదురుద్దంట. పెద్దదేమో మన చేతికి పట్టు దొరకదు. నువ్వైతే ఏది తీసుకుంటావు?"

"ఆ చిన్నది, గులాబీ రంగు పిడిది ముద్దుగా ఉందక్కా. మీ బ్యాగ్‌కి మ్యాచింగ్ కూడా."

ఆవిడ నవ్వలేదు. "ఒకడున్నాడులే, వదలట్లేదు," అంది మెల్లగా, కిటికీ వైపు చూస్తూ.

నాకు వినబడింది. అయినా నేను పార్ట్‌టైం చేసే రెస్టారెంట్ మేనేజర్ కబుర్లు ఎత్తుకున్నాను. భయం వేస్తే నాకు వాగుడు ఎక్కువవుతుంది. హామిల్టన్ వచ్చేదాకా ఆపలేదు.

దిగేముందు ఆవిడ నా చెయ్యి నొక్కి, "చిన్నదే తీసుకుంటాలే, నువ్వు చెప్పావుగా," అంది.

ఇప్పుడెవరైనా గాజుల సైజు అడిగితే, ఎందుకని అడిగిగానీ చెప్పను. ఆవిణ్ని మాత్రం, ఎవడక్కా వాడు అని ఒక్క మాట అడగలేదు.