గోడకు ఆనుకుని కూర్చున్న మా కరుణ

నిన్న ఉదయం ఫోన్ మోగింది. మా చెల్లెలి కూతురు దీవెన.

"పెద్దమ్మా, అమ్మ లేవడంలా."

తొమ్మిదేళ్ల పిల్ల. ఏడవలేదు. ఆ ఒక్క మాట చెప్పి ఫోన్ వాళ్ల నాన్నకు ఇచ్చింది.

కావలి నుంచి వాళ్ల ఊరు చేరేదాకా నా నోట ప్రార్థన కూడా రాలేదు.

మా కరుణ వెళ్లిపోయింది. మా నలుగురు తోబుట్టువుల్లో చిన్నది. ముప్పై ఎనిమిదేళ్లు.

దీవెన కడుపులో ఉన్నప్పుడు దాని కాళ్లు బాగా వాచాయి. చెప్పులు పట్టక వాళ్లాయన చెప్పులు వేసుకుని చర్చికి వచ్చింది. ఆడవాళ్లంతా నవ్వుతుంటే, "ఆయన చెప్పులు నేనేసుకున్నా, ఇంక ఇంట్లో పెత్తనం నాదే" అన్నది.

మేమూ నవ్వాం. కడుపుతో ఉన్నప్పుడు నీరు చేరడం మామూలే అనుకున్నాం. ఊళ్లో సబ్ సెంటర్‌లో బీపీ మిషన్ పాడైపోయి ఉంది. ఎవరూ చూడలేదు.

ఏడో నెల దాటాక ఫిట్స్ వచ్చాయి. నెల్లూరు తీసుకెళ్తే ఆపరేషన్ చేసి ఇద్దరినీ బతికించారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు ఇంత బీపీ వచ్చినవాళ్లకు గుండె మీద కూడా భారం పడుతుందట. బాగున్నా సరే, ఏటా చూపించుకోమన్నది.

తల ఊపాం. ఇంటికొచ్చి కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. దేవుడే బతికించాడని కరుణ అందరి ముందు సాక్ష్యం చెప్పింది. ఫైలు బీరువాలో పెట్టాం.

మళ్లీ ఎవరమూ తీయలేదు.

మొన్న వేసవిలో వాళ్లింట్లో పది రోజులున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరం చాపల మీద నడుం వాల్చేవాళ్లం. కరుణ మాత్రం గోడకు ఆనుకుని, ఒళ్లో బైబిల్ పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చునేది. తెల్లవారి నేను లేచేసరికీ అలాగే ఉండేది.

నాకు ఎంత సంతోషమో. స్త్రీల కూడికలో లేచి చెప్పాను కూడా. మా చెల్లెల్ని చూడండి, నిద్ర మానుకుని దేవుడితో ఉంటుంది అని.

కరుణ తల వంచుకుంది.

నెల తర్వాత ఆయాసం ఎక్కువైతే నెల్లూరు తీసుకెళ్లాం. ఎకో తీసి, గుండె బాగా బలహీనపడిందన్నారు. పడుకుంటే ఊపిరి ఆడుతుందా అని అడిగారు.

అది నా వైపు చూసి నవ్వింది.

"ఆడదు డాక్టర్ గారూ. కూర్చుంటేనే బాగుంటాది. మా అక్క నేను ప్రార్థన చేస్తా ఉండాననుకుంది."

బయటికొచ్చాక, ఎందుకు చెప్పలేదే అని అడిగాను.

"అందరి ముందర అంత గొప్పగా చెప్పినావు కదక్కా. కాదని ఎట్టా అనేది?"

నా చెయ్యి పట్టుకుంది.

"ప్రార్థన కూడా చేసినాలే. కాసేపు పడుకోనియ్యమని."

మందులు మొదలుపెట్టాం. కాస్త తేలిగ్గా ఉందంటే నమ్మాను.

దేవుణ్ణి నేనేమీ అడగడం లేదు. చెల్లెల్ని ఆ రోజే అడిగి ఉండాల్సింది.

మీ ఇళ్లలో కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చిన ఆడపిల్లలుంటే, ఆ పాత ఫైలు బయటికి తీయండి. డాక్టరుకు చూపించండి. పడుకోకుండా కూర్చుని ఉంటే, ఎందుకని అడగండి.

నిన్న సాయంత్రం పెట్టెలో పడుకోబెట్టి తల కింద దిండు పెట్టబోతే, దీవెన నా కొంగు పట్టుకుని చెప్పింది.

"అమ్మకి రెండు కావాల పెద్దమ్మా."

రెండు పెట్టాం.

ఇంక నడుం వాల్చు తల్లీ. ఊపిరి కోసం లేచి కూర్చోనక్కర్లేదు. ప్రభువు దగ్గర హాయిగా నిద్రపో.