రెబెక్కమ్మకిచ్చిన తేలిక పని

ఇందుకూరుపేట పక్క పల్లెలో వడ్లు తూర్పారబట్టే ఆడవాళ్ళ ముఠా ఒకటుంది. అందులో రెబెక్కమ్మది ఇరవై రెండేళ్ళ చెయ్యి. నిండు చేటను తలకంటే పైకెత్తి, ఫ్యాను గాలికి సన్నటి ధారగా వదిలేది. కోత మిషన్లు వచ్చాక ముఠాకు పని తగ్గింది గానీ, విత్తనపు వడ్లకు రైతులు ఇప్పటికీ వాళ్ళనే పిలుస్తారు.

మూడేళ్ళ కిందట ఆమెకు దగ్గు పట్టుకుంది. పోయినేటికి నాలుగు చేటలెత్తితే చాలు, ఆయాసంతో కూలబడేది. ముఠా పెద్ద వెంకటశేషమ్మ అది చూసి, "మే రెబెక్కా, నువ్వు చేట పట్టబాక. రాశి అవతల నిలబడి, పైన పడే తాలు చీపురుతో తోస్తా ఉండు. కూలేం తగ్గించంలే" అంది. చేతగాని వాళ్ళను మానిపించకుండా చీపురివ్వడం ఆ ముఠాలో మొదటినుంచీ ఉన్న పద్ధతే. అంతకుముందు ఆ చీపురు పట్టింది వెంకటశేషమ్మ అత్త చెంగమ్మ. రెండేళ్ళకే రొప్పుతూ మంచం పట్టి పోయింది. వయసు మళ్ళింది కదా అనుకున్నారు.

చీపురు పట్టాక రెబెక్కమ్మకు ఆయాసం ఇంకా ఎక్కువైంది. దుమ్ము దిగుతుందని సాయంత్రం అందరూ నమిలే బెల్లం ముక్క తను రెండు తినేది. చర్చిలో పాట ఎత్తుకుంటే రెండో చరణానికి ఊపిరి చాలేది కాదు. టీబీ ఏమోనని కళ్ళె పరీక్ష చేయించుకుంటే కాదన్నారు. చివరికి నెల్లూరు పోయి చూపించుకుంది.

డాక్టరమ్మ గొట్టంలో ఊదించి, "ఏం పని చేస్తావమ్మా?" అనడిగింది.

"తేలిక పనేనమ్మా. తాలు తోస్తాను. జాలిపడి ఇచ్చినారు."

"ఎక్కడ నిలబడతావో చూపించు."

రెబెక్కమ్మ పెన్నును ఫ్యాను అంది, మందుల చీటీని రాశి అంది. చీటీకి అవతల వేలు పెట్టింది.

"దుమ్మంతా నీ ముఖానికే కదమ్మా! పోయిన ఊపిరి తిరిగి రాదు. ఉన్నదైనా కాపాడుకో. అక్కడ నిలబడొద్దు" అని డాక్టరమ్మ పీల్చే మందు రాసిచ్చింది.

నిలబడనంటే ముఠాలో ఉంచుతారో ఉంచరో. బస్సులో దారంతా రెబెక్కమ్మకు అదే గుబులు. అయినా మర్నాడు కళ్ళంలో చీపురు అందుకోలేదు.

"నేనాడ నిలబడలేనక్కా."

"ఏందిమే, కూలి నిండుగా ఇస్తా ఉంటే ఇంకేం కావాల? కుర్చీ ఎయ్యాల్నా?" అంది వెంకటశేషమ్మ.

"దుమ్మంతా ఆడికే వస్తా ఉండాది. డాక్టరమ్మ చెప్పింది. మీ అత్త కూడా ఆడనే కదక్కా నిలబడింది?"

వెంకటశేషమ్మ ముఖం మాడిపోయింది. "అయితే ఇంకెవుర్ని నిలబెట్టమంటావు?"

"ఎవురూ వద్దు. ఫ్యాను ఆపి, దుమ్ము అణిగినాక తోద్దాం. నేను గాలికి వెనక కూచుని గోతాలు కుడతా."

"ఆపి ఆపి చేస్తే పొద్దు గూకదా? రైతు అరుస్తాడు."

"అరిస్తే ఆయన్నే వచ్చి ఆడ నిలబడమను!"

అందరూ గొల్లుమన్నారు, వెంకటశేషమ్మ తప్ప. ఆమె చీపురు తీసుకుని తనే రాశి అవతలికి పోయింది. పది చేటలు పోసేవరకు నిలబడింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, రెప్పల మీది నుసి కొంగుతో తుడుచుకుని, "ఫ్యాను ఆపండే" అంది.

ఆ రోజు పని గంటన్నర ఆలస్యమైంది. రైతు అరవనే అరిచాడు. రెబెక్కమ్మ మధ్యలో రెండుసార్లు లేచి మందు పీల్చుకుని వచ్చింది. మొత్తం మీద ముప్పై ఎనిమిది గోతాలు కుట్టింది.